కాకరకాయ వద్దంటే గారాబమా, లేక నాలుకే అలాంటిదా?

గోదారిగట్టు:
మా బాబుకి 7 ఏళ్లు. నిన్న కాకరకాయ వేపుడు చేశాను. ఉప్పు రాసి పిండి, మజ్జిగలో ఉడికించి, బెల్లం కూడా వేశాను. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోగానే వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మిగతావి అన్నం కింద దాచేశాడు. "గారాబం ఎక్కువైంది, తినేదాకా లేవనివ్వకు" అన్నారు మామయ్యగారు. నాకేమో వాడికి మనకన్నా ఎక్కువ చేదు తెలుస్తోందేమో అనిపిస్తోంది. మీరేమంటారు?

పాతకాపు:
మీ మామయ్యగారి మాటే కరెక్టమ్మా. మేం ఆరుగురం, పెట్టింది తిన్నాం. ఉగాది పచ్చడిలో వేపపువ్వుకి మొహం చిట్లించేవాళ్లం, ఇప్పుడు ఇష్టంగా తింటున్నాం. అంతా అలవాటే. పుట్టుకతో వచ్చిన జన్యువులే అలాంటివని వంక దొరికితే రేపు బెండకాయ కూడా ముట్టరు.

జువాలజీ టీచర్:
పాతకాపు గారూ, ఒప్పుకోలేను. మా ల్యాబ్‌లో ఏటా పిల్లలకి పీటీసీ అనే రసాయనం పూసిన కాగితం ముక్క ఇస్తాను, అది కొందరికి చేదు, కొందరికి రుచే ఉండదు. నాలుక మీద పెట్టుకోగానే ఒకమ్మాయి నీళ్ల కోసం పరుగెడుతుంది. పక్కనే ఉన్న అబ్బాయి "ఉత్త కాగితమే కదా మేడమ్" అంటాడు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబ్‌లోనూ ఇదే జరిగింది. పీటీసీ పొడి గాల్లోకి లేస్తే సహోద్యోగికి చేదు తగిలింది, ఆయనకి ఏమీ తెలియలేదు. దానికి కారణమైన టాస్2ఆర్38 జన్యువుని 2003లో గుర్తించారు. 2005లో వచ్చిన ఒక అధ్యయనం ఇక్కడ ముఖ్యం: తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి ఇంకో రకం జన్యువు వచ్చినవాళ్లలో, పెద్దలకి తెలియనంత తక్కువ చేదు కూడా పిల్లలు పట్టేశారు. అంటే జన్యువు అదే అయినా వయసుతో అనుభవం మారుతోంది.

ఒక్కమాట. ఈ జన్యువు పట్టేది క్యాబేజీ, ఆవాల జాతి చేదుని. కాకర చేదు వేరే పదార్థాలది. చేదు కోసం మనకి 25 దాకా రిసెప్టర్లు, అంటే రుచిని పసిగట్టే గ్రాహకాలు, ఉన్నాయి. కాబట్టి బాబు విషయంలో ఫలానా జన్యువే కారణమని నేను చెప్పను. కానీ వాడు నటించడం లేదని మాత్రం గట్టిగా చెబుతాను.

పాతకాపు:
మరి నేను ఇప్పుడు తింటున్నది అలవాటు కాదా?

జువాలజీ టీచర్:
అలవాటూ ఉందండీ. వయసు కూడా ఉంది. పెద్దయ్యేకొద్దీ వాసన, రుచి రెండూ మందగిస్తాయి, వాసన మరీ ఎక్కువగా. పులుసులో ఉప్పు చాలలేదని పెద్దవాళ్లు అనేది అందుకే. మీ నాలుకతో వాడి నాలుకని కొలవకండి. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి 8, 10 సార్లు పట్టొచ్చు. గోరంత ముక్క, బలవంతం లేకుండా పెట్టాలి. ఏడిపించి తినిపిస్తే ఆ కూర మీద భయమే మిగులుతుంది.

పాతకాపు:
ముక్క పెట్టడం వరకు సరే. అసలు వండటం మానేస్తే మాత్రం ఒప్పుకోను.

గోదారిగట్టు:
మానను బాబాయ్‌గారూ. ఇవాళ వాడికి బీరకాయ కూర వడ్డించి, కంచం అంచున కాకరకాయ చిన్న ముక్క పెట్టాను. వాసన చూసి పక్కకి జరిపాడు. మామయ్యగారు ఏమీ అనలేదు.