పెళ్లి సంబంధం: అబ్బాయి ఫిజిక్స్ రీసెర్చ్, హెచ్-ఇండెక్స్ 8 అంట, మంచిదేనా?

బ్రాడీపేట_అన్న:
మాది గుంటూరు. మా చెల్లికి ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి థియరిటికల్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ అయిపోయి బెంగళూరులో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే టెంపరరీ రీసెర్చ్ ఉద్యోగం) చేస్తన్నాడు. నాన్న జీతం కనుక్కోమంటే మధ్యవర్తేమో "వాళ్ల లైన్లో జీతం కాదండీ సైటేషన్లు చూడాలి, అంటే వాళ్ల పేపర్లని వేరే పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారో" అని ఇన్‌స్పైర్ అనే ఫిజిక్స్ పేపర్ల సైట్ లింకు పంపించాడు. 14 పేపర్లు, సైటేషన్లు 303, హెచ్-ఇండెక్స్ 8. గొడవేందంటే మా వీధిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్ గారున్నారు, ఆయనకి డెబ్బై పైన పేపర్లంట, నాన్న ఆయన దగ్గర కూర్చుని వచ్చి "14 ఏనా, ఇన్నేళ్లు ఏం చేసినట్టు" అని మొదలెట్టాడు. పైగా దాదాపు ప్రతి పేపర్లో అబ్బాయి పేరు చిట్టచివర ఉంది, మిగతావాళ్లు చేస్తే ఇతను పేరు తగిలించుకున్నాడేమో అని ఆయన డౌటు. తెలిసినోళ్లు కాస్త చెప్పండి.

క్వాంటమ్_కుర్రోడు:
బ్రో, అబ్బాయి ఇంటిపేరు వి తోనో వై తోనో మొదలవుద్దా? ఇన్‌స్పైర్‌లో ఉన్నాడంటే హై ఎనర్జీ థియరీ (సూక్ష్మకణాల ఫిజిక్స్) అయ్యుంటది, అందులో పేర్లు ఏబీసీడీ వరసలో వేస్తారు, అంతే. కెమిస్ట్రీ బయాలజీ వాళ్లకైతే మొదటి పేరు ఎవరిది చివరి పేరు ఎవరిది అని లెక్కుంటది, ఇక్కడ లేదు. ఒక్కో పేపర్‌కి సైటేషన్లు ఎన్నున్నాయో వరసగా పెట్టు, చూద్దాం.

బ్రాడీపేట_అన్న:
వి యే అన్నా 😅 ఇదిగో: 120, 61, 40, 22, 15, 11, 9, 8, 7, 5, 3, 2, 0, 0

క్వాంటమ్_కుర్రోడు:
సరే చూడు. హెచ్-ఇండెక్స్ 8 అంటే కనీసం ఎనిమిదేసి సైటేషన్లున్న పేపర్లు ఎనిమిది ఉన్నాయని. పెద్దదాని నించి లెక్కపెట్టుకుంటా పో, ఎనిమిదో పేపర్‌కి 8 ఉన్నాయి, తొమ్మిదోదానికి 7 యే, అందుకని అక్కడ ఆగింది, హెచ్-ఇండెక్స్ 8. 2005లో హిర్ష్ అని శాన్ డియాగోలో ఫిజిక్స్ ప్రొఫెసరే ఈ లెక్క పెట్టాడు. దీంట్లో తిరకాసేందంటే ఆ 120 రేపు నాలుగు వేలైనా హెచ్ 8 దగ్గరే ఉంటది. మాల్డసేనా అనే థియరీ ఫిజిసిస్ట్ 1997లో పెట్టిన ఒక్క పేపర్‌కి పదివేల పైన సైటేషన్లున్నాయి, హెచ్ లెక్కలో అది కూడా ఒక్క పేపరే. అందుకే మొత్తం నంబర్ కాదు, ఆ 120 పేపర్ తెరిచి చూడు, సొంత పనా, లేకపోతే రివ్యూ ఆర్టికలా (అందరి పనీ ఒకచోట చేర్చి రాసేది). రివ్యూలకి సైటేషన్లు ఊరికే పడతాయి. అదే సైట్లో సెల్ఫ్ సైటేషన్లు (తన పేపర్లని తనే ఉదహరించుకున్నవి) తీసేసి చూసే ఆప్షన్ ఉంది, అది నొక్కితే 303 కాస్తా రెండొందల చిల్లరకి వచ్చినా కంగారు పడొద్దు, ముందు చేసిన పని మీదే తర్వాతది కడతారు కాబట్టి కొంత మామూలే, సగానికి సగం పోతే మటుకు అడగాలి. గూగుల్ స్కాలర్‌లో చూస్తే నంబర్ ఇంకొంచెం ఎక్కువ చూపిచ్చొచ్చు, అది థీసిస్‌లూ అవీ కూడా కలిపేసుద్ది.

విజయవాడ_సార్:
ఆ డెబ్బై పేపర్ల ఆయన్ని కూడా తీసిపారేయకండి. నేనూ లెక్చరర్నే, రోజంతా క్లాసులు, మధ్యలో ల్యాబు, పైన ప్రమోషన్‌కి పేపర్లు కావాలంటారు, ఎక్కడో ఒకచోట అచ్చేయిస్తాం. డబ్బు కడితే వారంలో వేసే జర్నళ్లున్నాయి, అందులో వేసిందాన్ని వేసినవాడు కూడా మళ్లీ చదవడు. అది వేరే ఆట. థియరీ వాళ్లు ఒక్క లెక్క మీద ఏడాది కూర్చుంటారు, ఆ రెండిటికీ పోటీ పెట్టడం నాన్నగారి తప్పు కాదు గానీ, మనకి ఎంసెట్ ర్యాంకు లెక్క అన్నిటికీ ఒకటే నంబర్ కావాలి, అదీ బాధ.

సున్నా సైటేషన్లు చూసి భయపడేవాళ్లకి ఒకటి చెప్తా. వైన్‌బర్గ్ అనే ఫిజిసిస్ట్ 1967లో మూడు పేజీల పేపర్ రాస్తే నాలుగేళ్లు దాదాపు ఎవరూ పట్టించుకోలా. 1971లో టి హూఫ్ట్ అనే డచ్ కుర్రాడు ఆ తరహా థియరీల లెక్క కుదురుద్దని చూపించాక ఒక్కసారిగా అందరూ దాని మీద పడ్డారు, 1979లో వైన్‌బర్గ్‌కి నోబెల్ వచ్చింది. హిగ్స్ బోసాన్ కణాన్ని ఊహించిన హిగ్స్ అయితే 1964లో ఆ పని చేశాక రాసింది పది పేపర్ల లోపే, ఈ రోజుల్లో అయితే తనకి ఉద్యోగం కూడా ఇవ్వరని ఆయనే చెప్పుకున్నాడు. అలాగని మీ అబ్బాయి హిగ్స్ అయిపోతాడని కాదు, ఆ రెండు సున్నాలు కొత్త పేపర్లవి అయ్యుంటాయి, తేదీ చూస్కోండి.

బ్రాడీపేట_అన్న:
చూశా సార్, రెండూ ఈ ఏడాదివే. 120 ది గైడ్‌తో కలిసి ఇద్దరే రాశారు, రివ్యూ కాదు. సెల్ఫ్ తీసేస్తే 251.

క్వాంటమ్_కుర్రోడు:
పోస్ట్‌డాక్ స్థాయికి శుభ్రంగా ఉంది బ్రో. కానీ ఆ 120 లో గైడ్ ఆలోచన ఎంత, ఇతనిది ఎంత అనేది ఏ సైటూ చెప్పదు. గైడ్ లేకుండా రాసినవి ఉన్నాయా?

బ్రాడీపేట_అన్న:
61 ది, 15 ది. ఒకటి ఒక్కడే రాశాడు, దానికి 9.

క్వాంటమ్_కుర్రోడు:
ఆ 9 నాకు నచ్చింది. సరే, ఇంక మీ నాన్న అడగాల్సింది వేరే ఉంది. పోస్ట్‌డాక్ రెండు మూడేళ్లే, తర్వాత ఇంకోటి, అది జర్మనీయో జపానో తెలీదు, పర్మనెంట్ పోస్టు ఎప్పుడొచ్చుద్దో ఎవరూ చెప్పలేరు. చెల్లి ఉద్యోగం చేస్తందా? చేస్తంటే ఊరు మారినప్పుడల్లా ఏం చేయాలో ఇద్దర్నీ ముందే మాట్లాడుకోమను.

బ్రాడీపేట_అన్న:
విజయవాడలో బ్యాంకులో చేస్తంది అన్నా. సైటేషన్లు అవీ తనకి అక్కర్లేదంట, ట్రాన్స్‌ఫర్ సంగతి మాట్లాడటానికి ఆదివారం ఫోన్ నంబర్ తీసుకుంది. నాన్నకి మాత్రం ఇంకా 14 దగ్గరే ఆగింది.