అమరావతి శైలి శిల్పం: రాయి అసలుదైతే కొనవచ్చా?

డాలస్_పాఠకుడు:
ఇక్కడ ఒక వ్యాపారి దగ్గర మూరెడు శిల్పశకలం చూశాను. బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చేతులు జోడించిన ఇద్దరు భక్తులు. రెండో శతాబ్దపు అమరావతి పాలరాయి అంటున్నాడు, నిపుణుడి ధ్రువపత్రం చూపించాడు. మాది గుంటూరు. మన రాయి మన ఇంటికి చేరితే మంచిదే కదా. అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి?

ఉలిజాడ:
అమరావతి శిల్పాలది పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి. ఇంగ్లీషువాళ్లు ‘మార్బుల్స్’ అనడంతో ఆ పొరపాటు స్థిరపడింది. మట్టిబొమ్మ అయితే ఎప్పుడు కాల్చారో థర్మోల్యూమినిసెన్స్ పరీక్షతో అంచనా వేయవచ్చు. శిల్పం చెక్కేటప్పుడు రాతిని కాల్చరు కనుక ఎప్పుడు చెక్కారో ఆ పరీక్ష చెప్పలేదు. ఉలి గాట్లు, అరుగుదల, పగుళ్లలో పేరుకున్న పొర చూడాలి. ఆమ్లం పూసి ఆ పాతదనాన్ని కూడా తెప్పిస్తారు, జాగ్రత్త.

కృష్ణాతీరం:
నకిలీ అయితే పోయేది మీ డబ్బే. అసలుదైతేనే నాకు భయం. ప్రకాశం జిల్లా చందవరంలో చోరీకి గురైన బుద్ధుని ఆరాధకుల శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొన్నది. శిల్పం నూటికి నూరుపాళ్లు అసలుదే, అది ఎవరెవరి చేతులు మారిందని కాగితాల్లో చెప్పిన చరిత్రే అబద్ధం. ఆ కాగితాలు చెప్పిన కాలం తర్వాత కూడా అది భారత్‌లోనే ఉండేదని పాత ఫోటోలు బయటపెట్టాయి. 2016లో తిరిగి ఇచ్చేశారు. అంత పెద్ద సంస్థే మోసపోయింది. మన దేశంలో పురావస్తువుల ఎగుమతికి 1947 నుంచే అనుమతి తప్పనిసరి. 1972 చట్టం ప్రైవేటు వ్యక్తుల ఎగుమతిని పూర్తిగా నిషేధించింది. ఆ రాయి ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా దేశం దాటిందో కాగితం అడగండి.

పాతబాట:
ఒప్పుకోను. అమరావతి స్తూపం రాళ్లను స్థానికంగా కట్టడాలకు వాడుకున్నారు, సున్నం కోసం కాల్చారు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చినవే నేడు చాలావరకు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తరలించకపోతే అవీ సున్నమయ్యేవేమో. కాగితం లేని ప్రతి రాయినీ వెలివేస్తే అవి చీకటి గదుల్లోకి పోతాయి.

కృష్ణాతీరం:
ఇలియట్ తీయించిన రాళ్లు ఏ స్తూపానివో, ఎవరు ఎప్పుడు తరలించారో మనకు తెలుసు. దొంగ గునపంతో పెకలించిన శకలానికి ఆ ఆచూకీ ఉండదు. అది స్తూపంలో ఏ వైపుదో, దాని పక్క ఫలకం మీద ఏ కథ ఉందో ఇక ఎప్పటికీ తెలియదు. మీరు కొంటే రేపు ఇంకో గునపం లేస్తుంది.

డాలస్_పాఠకుడు:
వ్యాపారిని అడిగాను. ‘ఐరోపాలోని ఒక పాత సేకరణ’ అన్నాడు. పేరు లేదు, సంవత్సరం లేదు. కొనడం మానుకున్నాను. నేను తీసుకున్న నాలుగు ఫోటోలను భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు పంపుతున్నాను.