టక్కర్ కూడా పోయాడు: బ్లూ జేస్ ఇక పెద్ద స్టార్ల వెంటపడటం మానుకోవాలా?

సెంటర్‌ఫీల్డ్ సూరి

మన టొరంటో బేస్‌బాల్ జట్టు బ్లూ జేస్ వెంటపడ్డ స్టార్లు వీళ్ళు: 2023 డిసెంబర్‌లో ఓహ్తానీ, 2024 డిసెంబర్‌లో సోటో, 2025 జనవరిలో సాసాకి, 2026 జనవరిలో కైల్ టక్కర్. నాలుగుసార్లూ టొరంటో చివరి వరకూ పోటీలో ఉంది, నాలుగుసార్లూ ఉత్త చేతులే. అందులో ముగ్గురు పోయింది లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్‌కే. టక్కర్‌కు మనవాళ్ళు పదేళ్ళకు 350 మిలియన్ డాలర్లు ఇస్తామన్నారని వార్తలు. అతను నాలుగేళ్ళకు 240 మిలియన్లు ఒప్పుకుని లాస్ ఏంజెలెస్ వెళ్ళాడు. వెంటనే మన బో బిషెట్ మూడేళ్ళకు 126 మిలియన్లతో న్యూయార్క్ మెట్స్‌కు వెళ్ళిపోయాడు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

2025లో 94 మ్యాచ్‌లు గెలిచి, వరల్డ్ సిరీస్ (ఏడు మ్యాచ్‌ల ఫైనల్) ఏడో మ్యాచ్‌ను పదకొండో ఇన్నింగ్స్ దాకా లాగిన జట్టులో ఈ నలుగురిలో ఒక్కడూ లేడు. ఎర్నీ క్లెమెంట్ 2023లో మైనర్ లీగ్ (కింది స్థాయి) ఒప్పందం మీద వచ్చినవాడు, పోస్ట్‌సీజన్‌లో (నాకౌట్ దశలో) 30 హిట్లు కొట్టి రికార్డు పెట్టాడు. పిచ్చర్ యెసావేజ్ 2024 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే చోట) 20వ పిక్, అదే సిరీస్ ఐదో మ్యాచ్‌లో 12 మంది డాడ్జర్స్ బ్యాటర్లను స్ట్రైకౌట్ చేశాడు. పక్కోళ్ళ రేటు పెంచడానికి తప్ప మన ఆఫర్లు దేనికీ పనికిరావట్లేదు. ఆ వందల మిలియన్లు సొంత ఆటగాళ్ళ మీదా, స్కౌటింగ్ మీదా పెట్టాలంటాను. కాదనేవాళ్ళు చెప్పండి.

పద్దుల పుస్తకం

సూరి గారూ, మీ జాబితాలో చేజారినవాళ్ళే ఉన్నారు, దొరికినవాళ్ళు లేరు. స్ప్రింగర్‌ను 2021 జనవరిలో ఆరేళ్ళకు 150 మిలియన్లకు తెచ్చారు. గాస్‌మన్ అదే ఏడు చివర్లో ఐదేళ్ళకు 110. అంతకు ముందు 2019 డిసెంబర్‌లో ర్యూ నాలుగేళ్ళకు 80. వీళ్ళందరూ వెంటపడి తెచ్చుకున్న ఫ్రీ ఏజెంట్లే (కాంట్రాక్టు ముగిసి ఏ జట్టుకైనా వెళ్ళగలవాళ్ళు). 2025 సెమీఫైనల్ సిరీస్‌లో సియాటిల్ మెరైనర్స్‌తో ఏడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టి మనల్ని వరల్డ్ సిరీస్‌కు పంపింది ఎవరు? 35 ఏళ్ళ వయసులో 32 హోమ్‌రన్లు కొట్టిన ఆ స్ప్రింగరే.

పైగా ఆఫర్ కుదరకపోతే డబ్బు ఎక్కడికీ పోదు. సోటో రానన్న నాలుగు నెలలకే, 2025 ఏప్రిల్‌లో, మన స్టార్ బ్యాటర్ గెరెరోకు 14 ఏళ్ళకు 500 మిలియన్లు రాసిచ్చారు.

వేటలో నిజంగా పోయేది కాలం. పైస్థాయి ఆటగాడు తేలేదాకా జట్టు బడ్జెట్ కట్టేసుకుని కూర్చుంటుంది. ఈలోపు రెండో వరుసలోని మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే సంతకాలు పెట్టేస్తారు. 2023-24 చలికాలం చూడండి. డిసెంబర్ 9న ఓహ్తానీ డాడ్జర్స్ అని ప్రకటించాక మనకు దొరికింది కైనర్-ఫలేఫా (రెండేళ్ళు, 15 మిలియన్లు), మళ్ళీ కీర్‌మైయర్, జస్టిన్ టర్నర్. 2024లో 74 గెలుపులు, 88 ఓటములు, డివిజన్‌లో అట్టడుగు. మరుసటి చలికాలం సోటో పోయాక, ఇక హోమ్‌రన్లు కొట్టే పవర్ కావాలని జనవరిలో సాంటాండర్‌కు ఐదేళ్ళకు 92.5 మిలియన్లు ఇచ్చారు. 2024లో 44 హోమ్‌రన్లు కొట్టినవాడు, మన దగ్గర భుజం దెబ్బతో 54 మ్యాచ్‌లు ఆడి 6 కొట్టాడు, బ్యాటింగ్ సగటు .175. వెంటపడటంలో తప్పు లేదు. వెంటపడుతూ మిగతా పనులు ఆపేయడమే తప్పు.

ఈసారి ఆ తప్పు చేయలేదు. 2025 నవంబర్‌లోనే పిచ్చర్ డిలన్ సీస్‌ను ఏడేళ్ళకు 210 మిలియన్లతో పట్టారు. కొరియా లీగ్‌లో 17-1తో ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) అయిన పిచ్చర్ పాన్స్‌ను మూడేళ్ళకు 30తో, బుల్‌పెన్‌కు (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్ల బృందానికి) టైలర్ రోజర్స్‌ను మూడేళ్ళకు 37తో తెచ్చారు. జపాన్ బ్యాటర్ ఒకమోటో నాలుగేళ్ళకు 60. ఇవన్నీ అయ్యాకే టక్కర్ బేరం తేలింది. రాకపోయినా జట్టుకు గుంట పడలేదు.

లెక్కలోడు

ఇద్దరూ లగ్జరీ టాక్స్ ముట్టుకోలేదు. అది లేకుండా టక్కర్ సంగతి మాట్లాడటం దండగ.

ఐపీఎల్‌లోలా పర్సు ఇంత, అది దాటితే ప్యాడిల్ ఎత్తడానికి లేదు అనే పద్ధతి మేజర్ లీగ్‌లో లేదు. ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు, కాకపోతే జీతాల మొత్తం ఒక గీత దాటితే జరిమానా, అదే లగ్జరీ టాక్స్. 2026కి ఆ గీత 244 మిలియన్లు. పైన 264, 284, 304 దగ్గర మరో మూడు మెట్లు. వరుసగా ఎన్నో ఏడు దాటుతున్నారన్నదాన్ని బట్టి మొదటి రేటు: తొలిసారి 20 శాతం, రెండోసారి 30, మూడోసారి నుంచి 50. దాని మీద మెట్టు మెట్టుకూ అదనపు వడ్డన, ఆఖరి మెట్టు దాటితే 60 శాతం.

మనం 2024లో గీత కిందకు దిగాం, 2025లో మళ్ళీ దాటాం. అంటే 2026 మనకు రెండో ఏడు. 304 పైన పెట్టే ప్రతి డాలర్‌కూ 30 + 60, మొత్తం 90 సెంట్ల పన్ను. సీస్, ఒకమోటో వచ్చాక మన పద్దు ఆ 304 అంచున ఉందని కొందరు, దాటేసిందని కొందరు లెక్క కడుతున్నారు. దాటిందనే అనుకోండి.

పన్ను లెక్కలో చూసేది ఆ ఏడు చేతికిచ్చే జీతం కాదు, కాంట్రాక్టు సగటు. పదేళ్ళకు 350 అంటే ఏడాదికి 35. దానికి 90 శాతం కలిపితే 66.5 మిలియన్లు. అదే టక్కర్‌కు మనమూ నాలుగేళ్ళకు 240 ఇస్తే సగటు 60, పన్నుతో ఏడాదికి 114 మిలియన్లు. డాడ్జర్స్‌కు ఇంకా ఎక్కువ పడుతోంది. వాళ్ళది 110 శాతం రేటు. కొంత వాయిదా పెట్టుకోగా సగటు 57 చిల్లరకు దిగినా, ఏడాదికి దాదాపు 120 మిలియన్లు. ఒక ఔట్‌ఫీల్డర్‌కు! అదీ 2025లో చేయి ఎముక చిట్లి, పిక్క పట్టేసి, 136 మ్యాచ్‌లలో 22 హోమ్‌రన్లు కొట్టినవాడికి.

కాబట్టి మనవాళ్ళు ఎక్కువ ఏళ్ళు, తక్కువ సగటు అని అడగడం పిసినారితనం కాదు. ఆ దారి తప్ప మనకు గిట్టదు.

మిసిసాగా67

లెక్కలు బాగున్నాయి గానీ అసలు సంగతి కెనడా పన్నులు కాదా? సగానికి పైగా ప్రభుత్వానికే పోతుంటే ఎవడొస్తాడు బ్రో?

లెక్కలోడు

అందరూ అనే మాటే, సగమే నిజం. ఒంటారియోలో పై శ్లాబు 53.53 శాతం. కాలిఫోర్నియాలో ఫెడరల్ 37, రాష్ట్రం 13.3, కలిపితే 50 దాటుతుంది. డాడ్జర్స్‌తో పోటీలో పన్ను వల్ల వచ్చే తేడా కొద్దిగానే. టెక్సస్, ఫ్లోరిడా, సియాటిల్ జట్లతో పోటీ అయితే గట్టిగా తగులుతుంది, అక్కడ జీతం మీద రాష్ట్ర పన్నే లేదు. ఇంకో సంగతి, ఏ ఊళ్ళో ఎన్ని రోజులు పనిచేస్తే అక్కడ అంత పన్ను. టొరంటో ఆటగాడి జీతం మొత్తానికీ ఒంటారియో రేటు పడదు, సగం మ్యాచ్‌లు బయటే కదా.

దీనికి విరుగుడు సైనింగ్ బోనస్. అమెరికాలో నివాసం ఉన్న ఆటగాడికిచ్చే సంతకం బోనస్ మీద, రెండు దేశాల ఒప్పందం ప్రకారం కెనడా 15 శాతం దాటి తీసుకోకూడదు. మిగతాది అతని సొంత రాష్ట్రాన్ని బట్టి. ఇల్లు ఫ్లోరిడాలో ఉంటే 37 దగ్గర ఆగుతుంది. గెరెరో 500లో 325 మిలియన్లు సైనింగ్ బోనస్‌గా రాయడానికి ఇది ఒక కారణం. ఇంకో లాభం కూడా ఉంది. ఆటగాళ్ళ సంఘంతో లీగ్ ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. లాకౌట్ వచ్చి మ్యాచ్‌లు పోతే జీతం ఆగుతుంది, బోనస్ వాయిదా మాత్రం అందుతుంది. ఏజెంట్లు ఇప్పుడు గట్టిగా అడిగేది ఇదే.

జట్టు వైపు ఇబ్బంది వేరే ఉంది. టికెట్లు, టీవీ రాబడి కెనడా డాలర్లలో, జీతాలు అమెరికా డాలర్లలో. యజమాని రోజర్స్ పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంటోంది.

స్ప్లిట్టర్

టక్కర్ సంగతి వదిలేయండి. బిషెట్‌ను ఎందుకు వదిలారో ఎవరైనా చెప్పండి. 2025లో బ్యాటింగ్ సగటు .311, 94 ఆర్‌బీఐ (అతని బ్యాటింగ్‌తో జట్టుకు వచ్చిన పరుగులు). మోకాలి నొప్పితో కుంటుతూ వచ్చి ఏడో మ్యాచ్ మూడో ఇన్నింగ్స్‌లో ఓహ్తానీ బంతిని బయటికి పంపాడు. టక్కర్‌కు 350 పెట్టగలిగినవాళ్ళు ఇతనికి 126 పెట్టలేరా?

పద్దుల పుస్తకం

126ను మూడుతో భాగించండి, 42. దానికి 90 శాతం పన్ను కలిపితే ఏడాదికి దాదాపు 80 మిలియన్లు. పైగా మొదటి ఏడాది తర్వాతా, రెండో ఏడాది తర్వాతా ఆప్ట్‌ఔట్లు. బాగా ఆడితే 2026 చివర్లోనే వెళ్ళిపోతాడు, దెబ్బ తగిలితే మూడేళ్ళూ మన నెత్తిన ఉంటాడు. షార్ట్‌స్టాప్‌లో (రెండు, మూడు బేస్‌ల మధ్య స్థానంలో) అతని ఫీల్డింగ్ రేంజ్ ఏటికేడు తగ్గుతోంది. వరల్డ్ సిరీస్‌లో మనవాళ్ళు రెండో బేస్‌లో నిలబెట్టారు, మెట్స్ మూడో బేస్‌కు అని తీసుకున్నారు. మనకు షార్ట్‌స్టాప్‌కు హిమెనెస్ ఉన్నాడు. బ్యాట్ కొరత ఉంటుంది, కాదనను.

నాకు కడుపు మండేది నష్టపరిహారం పిక్ దగ్గర. 22.025 మిలియన్ల క్వాలిఫయింగ్ ఆఫర్ (పాత జట్టు ఇచ్చే ఏడాది ఒప్పందం) కాదని బిషెట్ వెళ్ళాడు. మనం పన్ను గీత పైన ఉన్నాం కాబట్టి దక్కేది నాలుగో రౌండ్ అయ్యాక ఒక పిక్. అదే ఆఫర్ కాదన్న సీస్‌ను తెచ్చుకున్నందుకు మన రెండో అత్యుత్తమ పిక్, ఐదో అత్యుత్తమ పిక్, అంతర్జాతీయ బోనస్ పూల్‌లో (విదేశీ కుర్రాళ్ళకు పెట్టే డబ్బులో) ఒక మిలియన్ పోయాయి. టక్కర్ కూడా వచ్చి ఉంటే మూడోదీ ఆరోదీ పోయేవి. సొంత కుర్రాళ్ళను పెంచాలన్న సూరి గారి వాదనకు నిజమైన బలం ఇక్కడ ఉంది, ఆయన మాత్రం దీన్ని వాడుకోలేదు.

బుల్‌పెన్ బాబాయ్

సీస్ మీద ఎవరూ మాట్లాడట్లేదేంటి? 2025లో ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు) 4.55. దానికి 210 మిలియన్లా?

లెక్కలోడు

బాబాయ్, కొన్నది ఈఆర్ఏను కాదు, ఆరోగ్యాన్నీ స్ట్రైకౌట్లనూ. 2021 నుంచి 2025 దాకా ఏ ఏడూ 32 స్టార్ట్‌లకు (మొదటి బంతి నుంచి తానే వేసిన మ్యాచ్‌లకు) తగ్గలేదు. 4.55 వచ్చిన ఏడాది కూడా 168 ఇన్నింగ్స్‌లో 215 స్ట్రైకౌట్లు. కొంత డబ్బు దశాబ్దాల తర్వాత ఇచ్చేలా వాయిదా వేయడంతో పన్ను లెక్కలో సగటు 30 కాదు, 26 చిల్లరే. 2024-25 చలికాలం ఏస్ (అగ్రశ్రేణి) పిచ్చర్ కావాలని బర్న్స్ వెంట కూడా మనవాళ్ళు పడ్డారు. అతను అరిజోనాకు ఆరేళ్ళు, 210 మిలియన్లకు వెళ్ళి, 2025 జూన్‌లో మోచేయి సర్జరీ చేయించుకున్నాడు. చేజారడం ఒక్కోసారి అదృష్టమే. పిచ్చర్ కాంట్రాక్టులో అసలు ప్రమాదం అదే కాబట్టి, ఇన్నింగ్స్ చరిత్రకు ధర కట్టారు.

ఒకమోటో ధర 60 అంటున్నారు, నిజానికి కాదు. అతని పాత జపాన్ జట్టు యొమియురికి పోస్టింగ్ ఫీజు (ఆటగాణ్ణి వదిలినందుకు) కట్టాలి: మొదటి 25 మిలియన్లకు 20 శాతం అంటే 5, తర్వాతి 25కు 17.5 శాతం అంటే 4.375, మిగిలిన 10కి 15 శాతం అంటే 1.5. మొత్తం 10.875 మిలియన్లు. ఇది లగ్జరీ టాక్స్ లెక్కలోకి రాదు. మనలాంటి జట్లకు జపాన్ మార్కెట్ గిట్టుబాటు కావడానికి అదొక కారణం.

సెంటర్‌ఫీల్డ్ సూరి

పిక్‌ల సంగతి ఒప్పుకుంటాను, థాంక్స్. కానీ "కాలం తప్ప ఏం పోలేదు" అనడం సరికాదు పద్దుల గారూ. సాసాకి కోసం ఏం చేశారో గుర్తుందా? అతనికి 25 నిండలేదు కాబట్టి అంతర్జాతీయ పూల్ నుంచే బోనస్ ఇవ్వాలి. ఆ పూల్‌ను 2 మిలియన్లు పెంచుకోవడానికి క్లీవ్‌ల్యాండ్ నుంచి మైల్స్ స్ట్రా జీతభారాన్ని నెత్తికెత్తుకున్నారు. అదే రోజు సాసాకి 6.5 మిలియన్ల బోనస్‌కు డాడ్జర్స్ అన్నాడు. నవ్వులపాలయ్యాం.

పద్దుల పుస్తకం

ఆ స్ట్రానే 2025 అంతా ఔట్‌ఫీల్డ్‌లో మంచి డిఫెన్స్ ఆడి, .262 కొట్టి మనకు పనికొచ్చాడు. అది ముందుచూపు అనను, కలిసొచ్చింది. అలాంటి ట్రేడ్ ఆటగాడు మాటిచ్చాక చేయాలి, ముందు కాదు.

స్ప్లిట్టర్

సరే, టక్కర్‌కు పెట్టాల్సిన 35 ఇప్పుడు ఏం చేయాలి? ఔట్‌ఫీల్డ్ బ్యాట్ ఇంకా కావాలి కదా. మార్కెట్లో మిగిలినవాళ్ళలో ఎవరినో ఒకరిని పట్టేయొచ్చుగా?

లెక్కలోడు

ఇప్పుడు కొనకూడదు, ఇంకో సాంటాండర్ అవుతుంది. జూలై దాకా ఆగాలి. సీజన్ మధ్యలో వచ్చినవాడి కాంట్రాక్టు సగటులో మిగిలిన రోజుల వాటా మాత్రమే మన లెక్కలో పడుతుంది. 21 మిలియన్ల సగటు ఉన్న బ్యాట్‌ను ట్రేడ్ డెడ్‌లైన్ (ఆటగాళ్ళ మార్పిడికి ఆఖరి గడువు) దగ్గర తెస్తే మూడో వంతు, అంటే 7. పన్నుతో కలిపి 13 చిల్లర. అదే మనిషిని ఈరోజు తెస్తే దాదాపు 40. ఈలోపు మన బార్జర్, లూక్స్ ఎలా కొడుతున్నారో కూడా తెలుస్తుంది. ఒక్కటే చిక్కు: డెడ్‌లైన్‌లో బదులుగా కుర్రాళ్ళను ఇవ్వాలి. ఈ ఏడు రెండు పిక్‌లు ఇప్పటికే పోయాయి కాబట్టి, ఎవరిని ఇవ్వకూడదో ఆ పేర్లు మన జనరల్ మేనేజర్ యాట్కిన్స్ ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.

సెంటర్‌ఫీల్డ్ సూరి

యెసావేజ్ పేరు ఆ జాబితాలో మొదట రాయమనండి. డెడ్‌లైన్ దగ్గర అవతలి జట్లు ముందు అడిగేది అతన్నే.