రాష్ట్రపతి ఎన్నికలో చెన్నై ఎమ్మెల్యే ఓటు విలువ 176, బెంగళూరు ఎమ్మెల్యేది 131... ఎందుకండీ?

బీటీఎం_పీజీ_కుర్రాడు:
డౌట్ అండీ, నవ్వకండి. రాత్రి పీజీలో చెన్నై రూమ్మేట్ మా ఎమ్మెల్యే ఓటు 176, మీ బెంగళూరోళ్ళది 131 అని ఒకటే బిల్డప్. మాది కర్నూలు, ఇక్కడ నాకు ఓటే లేదు, అయినా ఎందుకో మండింది. ఒక మనిషికి ఒక ఓటు కదా, ఈ తేడా ఏంటి? అసలు జనమే వేసేస్తే పోదా?

వేళచేరి_మాస్టారు:
జనం ఓట్లతో గెలిచొస్తే ప్రధానికి పోటీగా ఇంకో పవర్ సెంటర్ అవుతాడు బాబూ, రాష్ట్రపతేమో మంత్రివర్గం సలహా మీదే నడవాలి, అందుకే ఎంపీలు, గెలిచిన ఎమ్మెల్యేలు మాత్రమే వేస్తారు. నామినేటెడ్ వాళ్ళకీ ఎమ్మెల్సీలకీ లేదు. లెక్క అంటావా, 1971 జనాభాని ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి మళ్ళీ వెయ్యితో భాగించడమే. తమిళనాడు 4,11,99,168, ఎమ్మెల్యేలు 234, కాలిక్యులేటర్ కొట్టి చూడు 176 వస్తుంది. కర్ణాటకకి 130.8 వస్తే 131 చేశారు. మీ ఏపీ 159, తెలంగాణ 132.

బీటీఎం_పీజీ_కుర్రాడు:
1971 ఏంటి సార్, అప్పటికి మా నాన్నే పుట్టలేదు 😅

వేళచేరి_మాస్టారు:
కుటుంబ నియంత్రణ బాగా చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో 42వ సవరణతో అక్కడే ఆపేశారు. తర్వాత 84వ సవరణతో 2026 దాటాక జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించారు.

మల్లేశ్వరం_అక్క:
అసలు మజా లెక్కింపులో ఉంది తమ్ముడూ. బ్యాలెట్ మీద టిక్కు పెట్టరు, 1, 2, 3 అని నంబర్లు వేస్తారు, ఎన్నికల సంఘం ఇచ్చిన పెన్నుతోనే వెయ్యాలి. మొదటి ఓట్లలో సగం దాటకపోతే కింద నుంచి ఒక్కొక్కర్నీ తీసేసి వాళ్ళ బ్యాలెట్లలో 2 ఎవరికుందో చూస్తారు, హోటల్లో పెసరట్టు అయిపోతే ఇడ్లీ చెప్పినట్టు. 1969లో ఇంకా కొందరు నిలబడ్డా అసలు పోటీ మన తెలుగోళ్ళిద్దరి మధ్యే, వి.వి.గిరికి మొదటి ఓట్లు 4,01,515, కాంగ్రెస్ క్యాండిడేట్ నీలం సంజీవరెడ్డికి 3,13,548. ఎవరూ సగం దాటలేదు. రెండో ఓట్లు కూడా కలిపాక గిరి 4,20,077, రెడ్డిగారు 4,05,427, అంత టైట్! ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం వెయ్యమన్నది అప్పుడే. ఈ ఎన్నికకి విప్, అంటే ఫలానా వాళ్ళకే వెయ్యాలనే పార్టీ ఆదేశం, ఉండదు, ఎవరు ఎవరికి వేశారో తెలీదు. రెడ్డిగారు 1977లో పోటీ లేకుండానే రాష్ట్రపతి అయ్యారనుకో.

బీటీఎం_పీజీ_కుర్రాడు:
థాంక్స్ అక్కా, మాస్టారూ. ఇదంతా వాడికి చదివి వినిపించా, మా ఏపీ 159 అంటే అయినా మాదే ఎక్కువ అంటాడు. యూపీది 208 అని చూపించా, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.