అద్దె షెడ్డులో టూ పోస్ట్ లిఫ్ట్ బిగించడంపై సలహా కావాలి

హైదరాబాద్ మూసాపేటలో నేను అద్దెకు తీసుకున్న కార్ల మరమ్మతు షెడ్డులో 4 టన్నుల టూ పోస్ట్ హైడ్రాలిక్ లిఫ్ట్ (రెండు స్తంభాల మధ్య బండిని పైకి లేపే యంత్రం) బిగించాలనుకుంటున్నాను. రేకుల కప్పు ఎత్తు 11 అడుగులే కావడంతో, పైన అడ్డదూలం ఉండే రకం కాకుండా, కేబుళ్లు, హోస్‌లు నేలమీది ప్లేటు కింద నడిచే రకమే నయమనిపిస్తోంది. అయితే ఇన్నోవా వంటి ఎత్తైన బండిని లేపినప్పుడు మెకానిక్ నడుము వంచకుండా పనిచేసేంత చోటు మిగులుతుందా?

నా అసలు భయం నేల గురించే. లిఫ్ట్ స్తంభాలను నేలకు బిగించే యాంకర్ బోల్టుల పట్టు కాంక్రీటు మందంపైనా, గట్టిదనంపైనా ఆధారపడుతుంది. ఇక్కడి పాత గచ్చు 4 అంగుళాలైనా ఉన్నట్లు లేదు. స్తంభాల కింద మాత్రమే తవ్వి, ఇనుప కడ్డీలు కట్టి కొత్త దిమ్మెలు పోస్తే చాలునా, లేక రెండింటినీ కలుపుతూ ఒకే స్లాబు వేయాలా? యజమాని తవ్వకానికి ఒప్పుకున్నారు గానీ త్రీ ఫేజ్ కనెక్షన్‌కు ఇంకా ఒప్పుకోలేదు. రోజంతా బండ్లు ఎక్కించి దించే చోట సింగిల్ ఫేజ్ మోటారు తట్టుకుంటుందో లేదో, వాడినవారు దయచేసి తెలుపగలరు.