సర్వర్ పోయింది, హార్డ్ డిస్క్ మిగిలింది: మైఎస్‌క్యూఎల్ ఫైళ్ల నుంచి డేటా ఎలా తీయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. తెనాలిలో మా బాబాయి వాళ్ల హోల్‌సేల్ మందుల షాపు బిల్లింగ్ ఉబుంటు 18.04, మైఎస్‌క్యూఎల్ 5.7 (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) మీద నడిచేది. కరెంటు పోయి వచ్చాక మదర్‌బోర్డు కాలిపోయింది. బ్యాకప్ చూస్తే ఎప్పటిదో పాతది. డిస్క్ తీసి వేరే సిస్టమ్‌కి తగిలిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి. డేటాబేస్ పేరుతో ఉన్న ఫోల్డర్‌ని కొత్త 5.7లోకి కాపీ చేశాను. టేబుళ్ల పేర్లు చూపిస్తోంది కానీ ఏది తెరవబోయినా ఆ టేబుల్ లేదంటూ 1146 ఎర్రర్ వస్తోంది. బాబాయి టెన్షన్ చూడలేకపోతున్నాను. దారి చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, కంగారు పడకు. డేటా పోలేదు, నువ్వు తెచ్చింది సగమే. 5.7లో ప్రతి టేబుల్‌కీ ఒక ఎఫ్‌ఆర్‌ఎం ఫైల్ ఉంటుంది, నీకు కనిపించే పేర్లు అక్కడివి. అసలు వరుసలు ఐబీడీ ఫైల్లో ఉంటాయి. ఏ టేబుల్‌కి ఏ ఐబీడీ అన్న చిట్టా మాత్రం ఆ ఫోల్డర్ బయట, ఐబీడేటా1 అనే ఫైల్లో ఉంటుంది. కొత్త సర్వర్ తన సొంత ఐబీడేటా1 చూసుకుంటోంది, అందులో మీ టేబుళ్ల ఊసే లేదు.

ముందు డీడీరెస్క్యూ అనే టూల్‌తో డిస్క్ మొత్తానికి ఇమేజ్ (అచ్చంగా కాపీ) తీసుకుని, అసలు డిస్క్ పక్కన పెట్టెయ్. కొత్త సర్వర్ ఆపి దాని డేటా ఫోల్డర్‌ని పక్కకు జరుపు. ఆ చోట పాత డేటా ఫోల్డర్ మొత్తం పెట్టు: ఐబీడేటా1, ఐబీ లాగ్‌ఫైల్ 0, 1, ఏదీ వదలకుండా. ఫైళ్ల ఓనర్‌ని మైఎస్‌క్యూఎల్ యూజర్‌గా మార్చి అప్పుడు స్టార్ట్ చెయ్. వెర్షన్ 5.7 దాటొద్దు.

మరో సభ్యుడు:
స్టార్ట్ కాకపోతే లాగ్‌ఫైళ్లు రెండూ డిలీట్ చేసి, ఫోర్స్ రికవరీ (ఫైళ్లు చెడినా సర్వర్‌ని లేపే సెట్టింగ్, 1 నుంచి 6 దాకా) 6 పెట్టేయండి. పని అయిపోతుంది.

జవాబు:
దయచేసి ఆ పని చేయొద్దు. కమిట్ అయినా (ఖరారైనా) ఇంకా ఐబీడీ దాకా చేరని మార్పులు ఆ లాగ్‌ఫైళ్లలోనే ఉంటాయి. కరెంటు పోయే ముందు కొట్టిన చివరి బిల్లులు అవే. 6 పెడితే ఆ లాగ్‌ని చదవకుండానే సర్వర్ లేస్తుంది. 4 నుంచి పైకి వెళ్తే ఫైళ్లు శాశ్వతంగా చెడిపోయే ప్రమాదం ఉందని మాన్యువల్‌లోనే రాసి ఉంది. మామూలుగా లేవకపోతేనే 1 పెట్టి, అవసరమైతే ఒక్కో మెట్టు ఎక్కాలి. అదీ కాపీ మీదే.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, మామూలుగా లేచినట్టే లేచి పడిపోయింది. 1 పెడితే నిలబడింది! టేబుళ్లన్నీ డంప్ (టెక్స్ట్ ఫైల్‌గా కాపీ) వచ్చాయి, ఒక్క బిల్లు ఐటెమ్స్ టేబుల్ తప్ప. అది సగంలో ‘లాస్ట్ కనెక్షన్’ అని ఆగిపోతోంది.

జవాబు:
చాలా మంచి కబురు. ఆ టేబుల్లో ఏదో పేజీ చెడింది. దాన్ని చదవగానే సర్వర్ పడిపోతోంది. ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్లని దాచే భాగం) డేటాని పేజీలనే ముక్కలుగా రాస్తుంది. పేజీ మామూలుగా 16 కేబీ కాబట్టి, చిన్న వరుసలైతే పేజీకి వంద పైచిలుకు ఉంటాయి. డంప్‌కి వేర్ కండిషన్ (ఏ వరుసలు కావాలో చెప్పే షరతు) ఇచ్చి ఐడీల వారీగా ముక్కలు తియ్. ముందు లక్ష చొప్పున, ఆగిన ముక్కలో వెయ్యి చొప్పున, ఆ తర్వాత పది చొప్పున. కింది నుంచి ఎక్కడ ఆగిందో, పై నుంచి వెనక్కి వస్తే ఎక్కడ ఆగిందో తెలిస్తే, మధ్యలో ఉన్నదే నష్టం.

బిల్లు నంబరు మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి విడిగా ఉంచే సూచిక) ఉందా? ఉంటే ఆ ఇండెక్స్‌నే వాడమని ఫోర్స్ చేసి, ఐడీ, బిల్లు నంబరు రెండే కాలమ్స్ అడుగు. ప్రైమరీ కీ (ఇక్కడ ఐడీ) ఇలాంటి సెకండరీ ఇండెక్స్‌లోనూ ఉంటుంది కాబట్టి, చెడిన పేజీ జోలికి వెళ్లకుండానే పోయిన వరుసలు ఏ బిల్లులవో చాలావరకు తెలుస్తుంది.

ఇంకో సభ్యురాలు:
ఐబీడేటా1 కూడా చెడిపోయిన వాళ్ల కోసం: అదే నిర్మాణంతో ఖాళీ టేబుల్ చేసి, డిస్కార్డ్ టేబుల్‌స్పేస్ కమాండ్‌తో దాని ఐబీడీ తీసేసి, ఆ చోట పాత ఐబీడీ కాపీ చేసి, ఇంపోర్ట్ టేబుల్‌స్పేస్ కమాండ్ ఇవ్వండి. సీఎఫ్‌జీ ఫైల్ (టేబుల్ నిర్మాణం వివరాలుండేది) లేకపోయినా వార్నింగ్ ఇచ్చి తీసుకుంటుంది. స్కీమా (నిర్మాణం) కుదరలేదని ఎర్రర్ వస్తే రో ఫార్మాట్ (వరుసల్ని ఫైల్లో రాసే పద్ధతి) చూడండి. 5.6లో పుట్టిన టేబుల్ కాంపాక్ట్, 5.7 డిఫాల్ట్ డైనమిక్. 8.0లో ఎఫ్‌ఆర్‌ఎం ఉండదు, నిర్మాణం ఐబీడీలోనే ఉంటుంది, ఐబీడీ2ఎస్‌డీఐ టూల్‌తో చదవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, ఇండెక్స్ పని చేసింది! ఏయే బిల్లుల ఐటెమ్స్ పోయాయో లిస్టు వచ్చింది. కార్బన్ కాపీలు షాపులోనే ఉన్నాయి, చూసి ఎక్కించేస్తాం. ఇక ఫోర్స్ రికవరీ తీసేసి ఇదే సర్వర్ వాడుకోవచ్చా?

జవాబు:
వద్దు. డంప్‌లన్నీ ఖాళీగా కొత్తగా పెట్టిన మైఎస్‌క్యూఎల్‌లోకి ఎక్కించి, షాపు దాని మీద నడపండి. చెడిన పేజీ ఉన్న ఫోల్డర్‌ని నమ్మకూడదు. ఎక్కించాక, ఇప్పటికే ఫైల్ చేసిన నెలల జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) తీసి, జీఎస్టీ ఉన్న షాపులకు ఇచ్చిన బిల్లుల మొత్తాలతో సరిచూసుకోండి. అందులో ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, విలువ విడివిడిగా ఉంటాయి. ఐటెమ్స్ కలిపితే బిల్లు మొత్తం రాకపోతే, ఆ బిల్లు కార్బన్ కాపీ మళ్లీ తియ్యాలి. పాత డిస్క్, ఇమేజ్ రెండూ ఆడిట్ అయ్యేదాకా బీరువాలో ఉంచు.