అప్‌డేట్: కిక్ స్కూటర్ బొమ్మేనట!

పోయిన నెల అడిగాను కదా, మా స్పోర్ట్స్ షాపుకి విదేశం నుంచి తెప్పించిన 60 కిక్ స్కూటర్లు (కాలితో నెట్టుకుంటూ తొక్కేవి), 25 స్కేట్‌బోర్డులు పోర్టులో కస్టమ్స్ దగ్గర ఆగిపోయాయి, ఏం చేయాలని. రెండింటినీ క్రీడా సామగ్రి అనుకుని, కస్టమ్స్ పట్టికలో దానికుండే 9506 హెడ్డింగ్ (వర్గం నంబరు) కింద వేశాం. డ్యూటీ 20 శాతమే.

స్కేట్‌బోర్డులను మాత్రం కస్టమ్స్ వాళ్లు 9506లోనే ఉండనిచ్చారు. స్కూటర్ల దగ్గరే పేచీ. పెద్దవాళ్లు కూడా తొక్కేవేనని క్యాటలాగ్ చూపించి వాదించాను. అప్రైజర్ (సరుకు పరిశీలించే కస్టమ్స్ అధికారి) నవ్వి, హెచ్ఎస్ఎన్ (సరుకుల వర్గీకరణ పద్ధతి) వివరణ నోట్స్ తెరిచి చూపించారు: స్టీరింగ్ రాడ్, చిన్న చక్రాలు ఉన్న స్కూటర్ పిల్లలు తొక్కినా పెద్దలు తొక్కినా 9503లోకే, అంటే బొమ్మల్లోకే వస్తుంది! రాడ్ లేని స్కేట్‌బోర్డు క్రీడా సామగ్రి, రాడ్ ఉంటే బొమ్మ. వినడానికి వింతే గానీ రాసి ఉన్నదదే.

బొమ్మలపై డ్యూటీ 2020లో 20 నుంచి 60కి, 2023లో 70 శాతానికి పెరిగింది. అదైనా ఏడుస్తూ కట్టేసేవాణ్ణి. కానీ 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మా డబ్బాల మీద "వయసు 6+" అని పెద్దక్షరాల్లో ఉంది, మార్కు లేదు. ఇంకేం మాట్లాడతాం?

స్కూటర్లు సొంత ఖర్చుతో వెనక్కి పంపుతున్నాను. సరుకు తెప్పించకముందే అడ్వాన్స్ రూలింగ్ (ఏ హెడ్డింగ్‌లోకి వస్తుందో ముందే ఇచ్చే అధికారిక నిర్ణయం) అడగొచ్చని ఇప్పుడు చెప్తున్నాడు మా కస్టమ్స్ బ్రోకర్, మహానుభావుడు.